తొలకరిలో కొర్రమీనుకు ఏ ఎర?



మా ఇల్లు హైదరాబాదులో ఫిల్మ్ నగర్ దగ్గర ఉన్నది. పక్కనే జూబిలీ హిల్స్. తెలుగు సినిమాలు తీసేవాళ్ళలో చాలామంది ఈ చుట్టుపట్లనే ఉంటారు. మా అబ్బాయి కూడా సినిమాలకు సెట్టింగులు వేసే పనిలో ఉన్నాడు. రాతికోట కావాలంటే వాళ్ళు థర్మోకోలుతో కడతారు. బంగారు కిరీటం కావాలంటే అట్టతో చేసి రంగు పూస్తారు. అందుచేత మా ఇంట్లో దొంగ మామిడిపళ్ళూ, దొంగ కత్తులూ, ఒకసారి దొంగ మొసలి కూడా ఉండేవి. ముప్ఫై అయిదేళ్ళు బడిపంతులుగా పనిచేసిన నేను అసలుకూ నకిలీకీ తేడా ఇట్టే చెప్పగలననుకునేవాణ్ణి. అయినా ఆ మొసలి నన్ను రెండు రోజులు భయపెట్టింది.

మొన్న మే నెల ఆఖరున మా మనవడు నా దగ్గరికి వచ్చి, "తాతా, కళ్ళు మూసుకొని చెయ్యి చాపు," అన్నాడు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు. నేను చెయ్యి చాపాను. అరచేతిలో మెత్తగా ఏదో పడింది. కళ్ళు తెరిచి చూస్తే కప్ప! ఆకుపచ్చటి వీపు, పసుపు చుక్కలు, మిడిగుడ్లు, తోకలాగా వేళ్ళాడే రబ్బరు కాళ్ళు. ఇదీ దొంగ సరుకే. కాని దీన్ని చేసింది సినిమా చూసే మనుషుల్ని మోసగించటానికి కాదు, కొర్రమీనును మోసగించటానికి.

"దీనికి కొర్రమీను పడుతుందా, తాతా?" అని వాడు అడిగాడు.

పడుతుంది. కాని ఒక ఎర మంచిదా, చెడ్డదా అని చెప్పాలంటే ముందు ఆ చేప సంగతి తెలియాలి.

కొర్రమీనును కోస్తా జిల్లాల్లో కొరమేను అనీ, కొరమట్ట అనీ అంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్నే తమ రాష్ట్ర చేపగా ప్రకటించింది. దీని తల పాము తలలాగా బల్లపరుపుగా ఉంటుంది. నోరు కళ్ళ వెనకదాకా తెరుచుకుంటుంది. లోపల పదునైన పళ్ళుంటాయి. బాగా పెరిగితే మూడడుగులదాకా వస్తుంది గాని, మన చెరువుల్లో సాధారణంగా దొరికేది మూరెడు, మూరన్నర. రవ్వలాగా, బొచ్చెలాగా ఇది గుంపులుగా తిరిగే రకం కాదు. తామరాకుల కిందనో, తుంగ దుబ్బుల పక్కనో కదలకుండా పొంచి ఉంటుంది. ఎదటికి వచ్చిన పరిగెనో, కప్పనో ఒక్క ఉదుటున మింగేస్తుంది.

దీనికి ఇంకొక విచిత్రం ఉన్నది. చేపలన్నీ మొప్పలతో నీళ్ళలోని ప్రాణవాయువు పీల్చి బతుకుతాయని మీరు పాఠంలో చదివే ఉంటారు. కొర్రమీనుకూ మొప్పలున్నాయి, కాని అవి చాలవు. మొప్పల పైభాగాన గాలి పట్టే గదులు వేరే ఉన్నాయి. అది కొద్ది నిమిషాలకొకసారి నీటి పైకి వచ్చి గుటుక్కున గాలి మింగి పోవాలి. పైకి రానీకుండా వల కింద పట్టి ఉంచితే కొర్రమీను నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది! ఈ గాలి గదులున్నందువల్లనే అది ఎండాకాలంలో చెరువు ఇంకిపోయినా తడి బురదలో దాక్కొని ప్రాణం నిలుపుకుంటుంది, వానకాలంలో తడి గడ్డి మీద పాక్కుంటూ ఒక గుంటనుంచి మరొక గుంటకు పోతుంది. చేపల బజారులో తొట్టినిండా బతికున్న కొర్రమీనులు కనిపించటానికీ కారణం ఇదే.

పొంచి ఉండి కాటు వేసే చేపకు ఎర తనకు తానుగా ముందుకు రావాలి. అన్నం ముద్దో, పిండి ఉండో కొక్కేనికి గుచ్చి నీటి అడుక్కు దించితే రవ్వ వస్తుందేమో గాని పెద్ద కొర్రమీను రాదు. వానపాము గుచ్చితే మట్టగిడసలు వస్తాయి, చిన్న కొర్రమీనులు కూడా వస్తాయి. పెద్దదానికి మాత్రం కదిలేదీ, బతికి ఉన్నట్టు తోచేదీ కావాలి. అందుకని మన పెద్దలు బతికున్న కప్పనో, చిన్న పరిగెనో గాలానికి గుచ్చేవారు. నేను చిన్నప్పుడు అట్లాగే చేశాను. ఇప్పుడు మాత్రం చెయ్యనివ్వను. గాలానికి గుచ్చిన కప్ప చాలాసేపు బాధపడుతుంది. పైగా కప్ప మనకు చేసే మేలు తక్కువది కాదు. వరి మళ్ళలో పురుగులనూ, గుంటల దగ్గర దోమలనూ తిని అది బతుకుతుంది. ఒకప్పుడు మన దేశంనుంచి కప్ప కాళ్ళు తిండికోసం విదేశాలకు ఎగుమతి అయేవి. కప్పలు తగ్గిపోతున్నాయని 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. గాలానికి రబ్బరు కప్ప దొరుకుతూండగా అసలు కప్పను గుచ్చటం ఎందుకు?

బొమ్మ ఎరల గురించి అమెరికాలో ఒక కథ చెబుతారు. జూలియో బ్యూయెల్ అనే కుర్రవాడు పడవలో కూచుని తింటూండగా చెంచా చేయి జారి సరస్సులో పడిందట. అది తళతళమని మెరుస్తూ అటూ ఇటూ ఊగుతూ దిగిపోతూంటే ఒక పెద్ద చేప వచ్చి దాన్ని లటుక్కున పట్టుకున్నదట. ఆ కుర్రవాడు ఇంటికి పోయి ఇంకొక చెంచాకు పిడి కోసేసి, కొక్కెం అతికి, గాలంగా వాడాడట. కథలో ఎంత నిజమో గాని, పెద్దవాడైనాక బ్యూయెల్ చెంచా గాలాలు తయారుచేసి అమ్మినది మాత్రం నిజం. 1852లో వాటికి పేటెంటు కూడా పొందాడు. చెంచాలో పరిగె పోలిక ఎక్కడున్నది? రూపంలో లేదు. మెరుపులో ఉన్నది, ఊగటంలో ఉన్నది. చేప చూసేది ఆ రెండే.

చూపు ఒక్కటే కాదు. ఈసారి చేపల బజారుకు పోయినప్పుడు చేప పక్కభాగం పరకాయించి చూడండి. మొప్పల వెనకనుంచి తోకదాకా సన్నని గీత కనిపిస్తుంది. అది ఉత్త గీత కాదు. నీళ్ళలో ఏది కదిలినా ఆ అలజడి దానికి తగిలి చేపకు తెలుస్తుంది. మీరు కళ్ళు మూసుకొని ఉన్నా పక్కన ఎవరైనా విసనకర్ర ఊపితే చెంపకు తెలియటం లేదూ? కొంతవరకు అట్లాంటిదే అనుకోండి. తొలకరిలో ఏటినీళ్ళు ఎర్రగా మట్టికొట్టుకొని వచ్చి చెరువులో కలిసినప్పుడు కంటికి జానెడు దూరం కూడా కనపడదు. అప్పుడు చేపకు ఆ గీతే దిక్కు.

ఇప్పుడు ఎరను ఎంచుకోవటం సులువవుతుంది. నీళ్ళు తేటగా, కలుపు లేకుండా ఉంటే చెంచా గాలమో, చేప ఆకారంలో చెక్కిన కొయ్య ఎరో బాగా పని చేస్తుంది. నీళ్ళు బురదగా ఉంటే నీటిని చిలికే ఎర కావాలి. కొన్నిటికి ముందు భాగాన రేకు ఉంటుంది. దారం లాగుతూంటే ఆ రేకు గిరగిరా తిరిగి బుడబుడమని చప్పుడు చేస్తుంది. అది చేపకు చాలా దూరంనుంచే తెలుస్తుంది. అయితే కొర్రమీను ఉండేది తామరాకుల్లోనూ, గుర్రపుడెక్కలోనూ, నాచులోనూ కదా! మూడు ముళ్ళ కొక్కెం వేళ్ళాడే కొయ్య ఎరను అక్కడికి విసిరితే మొదటి విసురుకే ఆకులు, రెండో విసురుకు కాడలు, మూడో విసురుకు దారం తెగటం.

రబ్బరు కప్ప గొప్పతనం ఇక్కడే ఉన్నది. దాని పొట్ట లోపల గుల్ల. వెనకనుంచి బయటికి వచ్చే రెండు కొక్కేలు పైకి వంగి దాని వీపుకు ఆనుకొని ఉంటాయి. ఆకుల మీద లాగితే ఆ కొనలు దేనికీ తగులుకోవు, కప్ప జర్రున జారుతూ పోతుంది. చేప నోట పట్టి నొక్కినప్పుడు గుల్ల అణిగిపోతుంది, అప్పుడు కొక్కేలు బయటపడతాయి. కనిపెట్టినవాడు ఎవడో గాని గట్టివాడే!

ఇక రంగు. మా మనవడు పసుపు చుక్కలు చూసి ముచ్చటపడి కొన్నాడు. "కొర్రమీను ఎక్కడ ఉంటుంది?" అని వాణ్ణి అడిగాను. "నీళ్ళలో" అన్నాడు. "కప్ప?" "నీళ్ళ మీద." "అయితే కొర్రమీనుకు దాని వీపు కనిపిస్తుందా, పొట్ట కనిపిస్తుందా?" వాడు కప్పను తిరగేసి చూశాడు. పొట్ట తెల్లగా ఉన్నది. వీపు మీది చుక్కలన్నీ దుకాణానికి వచ్చే మనలాంటివాళ్ళకు వేసిన ఎర!

మీరొక పని చెయ్యండి. ఒక తెల్లకాగితం, ఒక ఆకుపచ్చ కాగితం, ఒక నల్లకాగితం రూపాయి బిళ్ళంత కత్తిరించి, మబ్బు పట్టిన రోజున ఆకాశానికి ఎదురుగా పట్టుకొని కిందనుంచి చూడండి. మూడింట్లోనూ నల్లదే కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. అందుచేతనే బురదనీళ్ళకూ, సాయంకాలపు మసక వెలుతురుకూ నల్ల కప్ప మంచిదని అనుభవజ్ఞులు అంటారు. తేటనీళ్ళలో పట్టపగలు మాత్రం తెల్ల పొట్టే నయం. అసలు కప్పలాగానే ఉంటుంది గనక.

దాన్ని ఆడించటంలో కూడా ఒక పద్ధతి ఉన్నది. కప్ప బండిలాగా ఏకధారగా పోదు. రెండు గెంతులు గెంతి ఆగుతుంది. ఆ ఆగినప్పుడే కొర్రమీను కాటు వేస్తుంది. నీళ్ళు భళ్ళుమనగానే గుండె ఝల్లుమని మనం దారం లాగేస్తాం. లాగకూడదు. చేప కప్పను నోట కరుచుకొని తల కిందికి తిప్పేదాకా ఓపిక పట్టాలి. ఈ ఓపిక పుస్తకం చదివితే రాదు. నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఇంకొక మాట మీ తల్లిదండ్రులతో. కొక్కేనికి లోపలివైపు చిన్న ఎదురుముల్లు ఉంటుంది. పట్టకారుతో దాన్ని నొక్కేసి అణచండి. చేపను వదిలెయ్యదలిస్తే నోరు చీలకుండా కొక్కెం వస్తుంది. పిల్లవాడి వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. పెద్దలు పక్కన లేకుండా పిల్లలు చెరువు గట్టుకు పోనే కూడదు.

ఎర సంగతి తేలింది గనక, ఎక్కడ వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. "దుర్గం చెరువు మనకు దగ్గరే కదా, తాతా!" అన్నాడు మా మనవడు. నిజమే, జూబిలీ హిల్స్ దిగితే దుర్గం చెరువే. కుతుబ్ షాహీల కాలంలో గోలకొండ కోటకు మంచినీళ్ళు దీనినుంచే పోయేవి. బండరాళ్ళ మధ్య దాగి ఉండేది గనక రహస్యపు చెరువని కూడా పేరు వచ్చింది. ఇప్పుడు దాని మీద తీగల వంతెన ఉన్నది. 2020లో అది తెరిచారు. ఒక పాటలోనైనా ఆ వంతెన చూపించకపోతే మా పేటలో సినిమా పూర్తి కానట్టే! కాని చుట్టూ నగరం పెరిగి మురుగునీళ్ళు చేరి ఆ చెరువు చాలా పాడైంది. బాగుచేసే పనులు జరిగాయి గాని, అక్కడి చేపను తినమని నేను ఎవరికీ చెప్పను. అందుచేత మెదక్ వైపు ఉన్న మా సొంత ఊరికి పోదామన్నాను. అక్కడి చెరువులో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. చెరువులో పిల్లలు వదిలి పెంచుకునేదీ, వాటి మీద బతికేదీ వాళ్ళు. వాళ్ళను అడగకుండా గాలం వెయ్యటం ఒకరి చేలో కంకులు విరుచుకున్నట్టే. నేను ఫోను చేసి అడిగాను, సరేనన్నారు.

జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజున చేప తినాలని మా తెలంగాణలో ఆచారం. హైదరాబాదులో రాంనగర్ చేపల బజారు తెల్లవారకముందే కిటకిటలాడుతుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబంవారు వేలమందికి చేప మందు వేస్తారు. వేలెడు కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి, బతికి ఉండగానే దాన్ని ఉబ్బసం రోగుల చేత మింగిస్తారు. దానివల్ల ఉబ్బసం నయమవుతుందని వైద్యశాస్త్రం రుజువు చెయ్యలేదు. కనక మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే డాక్టరు ఇచ్చిన మందు మాత్రం మానకండి.

మనం చేపలకోసం బజారుకు పరిగెత్తే ఈ తొలకరిలోనే కొర్రమీను సంసారం మొదలుపెడుతుంది. కొత్తనీరు వచ్చి చెరువు అంచున గడ్డి మునగగానే, ఆలుమగలు రెండూ లోతులేని చోటికి వచ్చి కలుపు మధ్య పళ్ళెమంత జాగా శుభ్రం చేస్తాయి. అక్కడ గుడ్లు పెడతాయి. గుడ్లలో నూనె ఉండటంచేత అవి నీటి మీద తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వందలు, ఒక్కొక్కసారి వేలు! మొదట్లో వాటి రంగు ఎర్రగా, నారింజ పండు తొక్కలాగా ఉంటుంది. అన్నీ బంతిలాగా ఒకచోట గుమిగూడి తిరుగుతాయి. వాటికీ గాలి కావాలి గనక మాటిమాటికి పైకి వస్తాయి. దూరంనుంచి చూస్తే చెరువులో ఆ ఒక్కచోటే వాన చినుకులు పడుతున్నట్టుంటుంది. వాటి కిందనే పెద్ద చేప కాపలా తిరుగుతూ ఉంటుంది. కొన్ని వారాల పాటు, పిల్లలు వేలెడు అయి రంగు మారి ఎవరి దారి అవి చూసుకునేదాకా, ఆ కాపలా వదలదు.

గాలం వేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఎర్రబంతి కనిపించిందంటే కింద పెద్ద చేప ఉన్నదన్నమాట! ఆ బంతి మీదుగా కప్పను లాగితే చాలు, తప్పకుండా కాటు వేస్తుంది. నల్లకప్ప అయినా, తెల్లకప్ప అయినా, కొయ్య ముక్క అయినా సరే. ఎందుకంటే అప్పుడది ఆకలితో కరవటం లేదు. తన పిల్లల్ని తినటానికి ఎవడో వచ్చాడనుకొని తరమటానికి కరుస్తుంది.

నేను 1971లో, నా పదకొండో ఏట, ఆ ఊరి చెరువులోనే అట్లాంటి చేపను పట్టాను. వెదురు గడ, తంగూసు దారం, బతికున్న కప్ప. చేప నా చెయ్యంత ఉన్నది. ఊళ్ళో అందరికీ చూపించాను. మా అమ్మ పులుసు పెట్టింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర కూడా పట్టలేదు, అంత సంతోషం. మర్నాడు పొద్దున్నే ఇంకొకటి పడుతుందేమోనని అదే చోటికి పోయాను. ఎర్రబంతి అక్కడే ఉన్నది గాని సగం కూడా లేదు. చెదిరి చెదిరి, ఎటు పోవాలో తెలియనట్టు తిరుగుతున్నది. పక్కన మట్టగిడసలు లేచి లేచి పడుతున్నాయి. రెండు కొంగలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తొందర లేకుండా, ఒక్కొక్కటే ఏరుకుంటున్నాయి. నేను రాళ్ళు విసిరి కొంగల్ని కొట్టాను. అవి పోయి మళ్ళీ వచ్చాయి. మట్టగిడసల్ని ఏం చెయ్యను? మధ్యాహ్నం బడి వదిలినాక పోతే అక్కడ చినుకులు లేవు.

గట్టు మీద వల ఎండబెట్టుకుంటున్న ముసలి తాత నన్ను చూశాడు. "నిన్న పిల్లల మీద ఉన్నదాన్ని పట్టినవా, బిడ్డా?" అన్నాడు. అవునన్నాను. "తల్లి కోడిని పట్టుకపోతే పిల్లల్ని గద్ద విడిచిపెడుతదా?" అని, వల చూసుకుంటూ కూచున్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని చాలా రోజులు అనిపించింది. కొర్రమీనుల్లో ఎక్కువగా కాపలా కాసేది మగదని పెద్దయినాక పుస్తకాల్లో చదివాను. తాత పోలికలో తల్లి బదులు తండ్రి అని దిద్దుకోవాలి, అంతే.

మా అన్న కొడుకు అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ మస్కీ అనే చేప ఉన్నది. అదీ మన కొర్రమీనులాగే కలుపు పక్కన పొంచి ఉండి మీద పడే రకం, కాని ఇంకా చాలా పెద్దది. విస్కాన్సిన్ 1955లో దాన్ని తమ రాష్ట్ర చేపగా చేసుకున్నది. పదివేలసార్లు విసిరితే గాని ఒకటి పడదని అక్కడివాళ్ళు సామెతగా అంటారు. హేవార్డ్ అనే ఊళ్ళో ఒక భవనాన్నే మస్కీ ఆకారంలో కట్టారు. పొడవు 140 అడుగుల పైమాటే! జనం దాని కడుపులోనుంచి ఎక్కిపోయి నోట్లో నిలబడి ఊరు చూస్తారు. ఆ ఫోటో చూపిస్తే మా అబ్బాయి, "ఎవరు వేశారో గాని సెట్టింగు బాగున్నది," అన్నాడు.

మస్కీ వసంతంలో గుడ్లు పెడుతుంది. పెట్టి తన దారిన తాను పోతుంది. గుడ్లనుగాని, పిల్లల్నిగాని చూసుకోదు. అయినా అక్కడ ఉత్తర ప్రాంతంలో మే నెల చివరిదాకా దాన్ని పట్టి ఉంచుకోనివ్వరు. గుడ్లు పెట్టటం అయినాకనే ఉంచుకోనిస్తారు. ఆ కొత్తలో నీళ్ళింకా చల్లగా ఉంటాయి, చేప అలిసి మందకొడిగా ఉంటుంది. అందుకని మొదటి వారాల్లో చిన్న ఎరలు తీసుకొని నెమ్మదిగా లాగుతారు. జానెడు, మూరెడు ఎరలు ఆకురాలే కాలానికి దాచుకుంటారు. మా అన్న కొడుకు మూడేళ్ళుగా విసురుతున్నాడు, ఇంకా ఒకటీ పడలేదు. మన సముద్రంలో కూడా తూర్పుతీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపుతారు. అదీ చేపలు గుడ్లు పెట్టే కాలమనే.

జూన్ ఆఖరి ఆదివారం నేనూ, మా మనవడూ చెరువుకు పోయాం. తూము దాటి కొంత దూరం పోయేసరికి వాడు నా చొక్కా పట్టుకు లాగాడు. తామరాకుల పక్కన చినుకులు పడుతున్నాయి. ఆకాశంలో వాన లేదు. వాడు అప్పటికే గడ ఎత్తాడు. నేను వాడి చేతి మీద చెయ్యి వేసి, ఇంతకుముందు మీకు చెప్పిన కథ చెప్పాను. వాడు గడ దించాడు. కాసేపు ఆగి, "కొక్కేలు కోసేసి ఉత్త కప్పను వేస్తే? కాటు వేస్తుంది, వదిలేస్తుంది. మనం చూడొచ్చు," అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. యాభై ఏళ్ళ కిందటి ఆ భళ్ళుమన్న చప్పుడు మళ్ళీ వినాలనిపించింది. ఒక్క విసురు! కాని అది కప్ప వెంట పది గజాలు పోయి వచ్చేలోగా పక్కనున్న మట్టగిడసలు ఊరుకుంటాయా? వద్దన్నాను.

ఇద్దరం గట్టు మీద కూచున్నాం. పెద్దది గాలికోసం పైకి వచ్చినప్పుడల్లా వాడు గడియారం చూసి పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు, అయిదు, మళ్ళీ నాలుగు. ఒకసారి నీరుకట్టె పాము అటు వచ్చింది. నీళ్ళు గుభేలుమన్నాయి, పాము వెనక్కు తిరిగింది. "చూశావా తాతా, చూశావా!" అని వాడు లేచి గంతులు వేశాడు. ఆ చప్పుడు నాకు ఊరికే దొరికింది.

తరవాత అలుగు పక్కకు పోయి, ఎర్రబంతులు ఎక్కడా లేవని చూసుకొని, సాయంత్రందాకా కప్పను విసిరాం. ఒకసారి కాటు పడింది. నేను తొందరపడి లాగేశాను. గాలానికి తామరకాడ తగులుకొని వచ్చింది.

దసరా సెలవులకు మళ్ళీ పోదామనుకున్నాం. అప్పటికి ఈ పిల్లలు వేరుపడి ఉంటాయి. ఇవాళ పొద్దున వాడు వాళ్ళ నాన్న రంగుల డబ్బా తీసి కప్ప పొట్టకు నల్లరంగు వేశాడు. కొక్కేల ఎదురుముళ్ళు నేను అణిచిపెట్టాను. రంగు ఆరటానికి దాన్ని కిటికీలో పెడితే, పని చేసే అమ్మాయి చూసి కెవ్వున అరిచి చీపురు పట్టుకొచ్చింది.